వీధి మురుగుకు వీధి చందా

సింధునది పడమటి గట్టున, నేటి పాకిస్తానులోని లార్కానా జిల్లాలో, మొహెంజోదారో శిథిలములు కలవు. 1922లో రాఖాల్‌దాస్ బెనర్జీ అచట త్రవ్వకములు ప్రారంభించిన తరువాత బయల్పడిన నిర్మాణములలో పండితులను మిక్కిలి ఆలోచింపజేసిన వానిలో మురుగు కాలువ ఒకటి. దాదాపు నాలుగువేల ఐదువందల సంవత్సరముల నాటి ఆ నగరమున చాల ఇండ్లకు స్నానపు గది ఉండెను. గది నేలను ఇటుకలతో పరచి, ఒక మూలకు వాలుగా తీర్చిరి. ఆ మూలనుండి నీరు గోడలోని తూము గుండ వీధి కాలువకు చేరును. వీధి కాలువను కాల్చిన ఇటుకలతో కట్టి, పైన ఇటుకలనో రాతిపలకలనో కప్పిరి. అచ్చటచ్చట చిన్న గుంటలు కట్టిరి. నీటితో కొట్టుకొనివచ్చు మడ్డి ఆ గుంటలలో దిగిపోగా, తేటనీరు ముందుకు సాగును. కప్పు తొలగించి మడ్డిని ఎత్తివేయుటకు వీలుండెను.

ఇంత చక్కని ఏర్పాటునకు ఖర్చు ఎవరు పెట్టిరి? గుంటలలోని మడ్డిని ఎవరు ఎత్తిరి? ఎత్తినవారికి కూలి ఎవరిచ్చిరి? ఆ నగరవాసుల లిపి నేటికిని చదువబడలేదు. ఇటుకలు మనకు కాలువను చూపుచున్నవి గాని కాలువ జమాఖర్చులను చూపుటలేదు. నిజమునకు మురుగు కాలువ చరిత్రలో ముఖ్యభాగము ఆ జమాఖర్చులే. కాలువ కట్టుట కొన్ని దినముల పని. అది పారునట్లు నిలుపుకొనుట నిత్యమైన పని. మొదటిదానికి ఉత్సాహము చాలును. రెండవదానికి నెలనెలా డబ్బు, దినదినము శ్రద్ధ కావలెను.

అదే సింధు రాష్ట్రమున, మొహెంజోదారోకు దక్షిణముగా సముద్రపు ఒడ్డున నున్న కరాచీ నగరమున, ఇటీవలి కాలమున జరిగిన ఒక ప్రయత్నమునకు మాత్రము కాలువలును మిగిలినవి, లెక్కలును మిగిలినవి. అది ఓరంగీ అను బస్తీ కథ. ఇరువది ముప్పది ఇండ్లు గల ఒక సందు తన మురుగు సంగతి తాను చూచుకొనగలదా? చూచుకొనగలిగినచో ఎంతవరకు? ఈ రెండు ప్రశ్నలకును ఆ కథలో సమాధానము కలదు.

1947లో దేశ విభజన జరిగినప్పుడు కరాచీ పాకిస్తానుకు తొలి రాజధాని అయ్యెను. 1941లో నాలుగు లక్షల పైచిలుకు జనాభా గల ఆ రేవుపట్టణము 1951 నాటికి పది లక్షలు దాటెను. సరిహద్దు దాటి వచ్చినవారును, కూలి వెదకికొనుచు పల్లెలనుండి వచ్చినవారును ఖాళీ నేల కనబడిన చోటనెల్ల ఇండ్లు వేసికొనిరి. నగరమునకు వాయవ్యమున, గుట్టల దిగువన, ఓరంగీ బస్తీ 1965లో మొదలయ్యెను. 1971లో బంగ్లాదేశ్ ఏర్పడిన పిమ్మట తూర్పునుండి తరలివచ్చిన బీహారీలు పెక్కుమంది అచటనే స్థిరపడిరి. పఠానులు, పంజాబీలు, సింధీలు, బలూచీలు వారికి ఇరుగుపొరుగులైరి. 1980ల నాటికి అచటి జనాభా దాదాపు పది లక్షలని అంచనా.

ప్రభుత్వ భూమిని దళారులు ముక్కలు చేసి ఈ పేదలకు అమ్మిరి. వారు సందులను తిన్నగానే గీచిరి గాని సందు క్రింద ఏమియు వేయలేదు. కొందరి ఇండ్లలో బకెట్టు మరుగుదొడ్డి. పాకీవాడు కొన్ని దినములకొకసారి వచ్చి దానిని ఎత్తుకొనిపోయి ఏ గుట్ట చాటుననో పారబోయును. మరికొందరు ఇంటి ముందు ఇంకుడు గుంట త్రవ్వించుకొనిరి. కొన్ని సంవత్సరములలో అది నిండిపోయి పైకి పొంగును. వంటయింటి నీరు, స్నానపు నీరు సందు నడుమనే పారుచుండెను. ఆ బురదను దాటుచునే పిల్లలు ఆడుకొనిరి, ఆడవారు నీళ్లు మోసిరి. రోగములకు వైద్యునివద్ద పెట్టిన డబ్బు ఒక ఎత్తు, పని పోగొట్టుకొని పోయిన కూలి మరియొక ఎత్తు. మురుగునకు వారు మూల్యము చెల్లించుచునే ఉండిరి. అది చందా రూపమున గాక రోగ రూపమున చెల్లుచుండెను.

1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అను అరువదియారేండ్ల పెద్దమనిషి ఆ సందులలో తిరుగ నారంభించెను. ఆయన 1914లో ఆగ్రాలో జన్మించెను. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి బెంగాలున అధికారిగా పనిచేసెను. 1943 నాటి బెంగాలు కరువు ఆయన మనస్సును కలచివేసెను. కొలదికాలమునకే ఆ పెద్ద ఉద్యోగమును వదలి, అలీగఢ్ సమీపమున ఒక పల్లెలో కూలివానిగను, తాళములు చేయువానిగను బ్రతికి చూచెను. తరువాత ఢిల్లీలోని జామియా మిలియాలో ఉపాధ్యాయుడై, 1950లో పాకిస్తానుకు పోయి, తూర్పు బెంగాలులోని కొమిల్లాలో కళాశాల ప్రిన్సిపాలు అయ్యెను. 1959 నుండి కొమిల్లా గ్రామాభివృద్ధి అకాడమీని నడిపెను. చిన్నరైతులు చిన్న చిన్న సంఘములుగా కూడి, క్రమము తప్పక పొదుపు చేసికొని, తమ లెక్కలు తామే చూచుకొను పద్ధతిని అచట నెలకొల్పెను. ఆ సేవకుగాను 1963లో ఆయనకు మెగసెసే బహుమానము లభించెను.

ఆఘా హసన్ అబేదీ అను బ్యాంకు అధిపతి ధర్మనిధి నుండి సహాయము చేయుటకు ముందుకు రాగా, ఖాన్ ‘ఓరంగీ పైలట్ ప్రాజెక్టు’ అను చిన్న సంస్థను స్థాపించెను. ఆయన మొదట ఏ పథకమును వెంట తీసికొనిపోలేదు. మీ బాధ ఏమని మాత్రము అడిగెను. మురుగు అని సందుసందునను చెప్పిరి. మరి ఏమి చేయవలెనని అడిగినచో, ప్రభుత్వము వచ్చి ఉచితముగా కాలువ వేయవలెననియు, తమ పక్షమున ఆయన అర్జీలు పెట్టవలెననియు కోరిరి. ఆయన కార్యాలయములు తిరిగి చూచెను. నగరాభివృద్ధి సంస్థ కాలువలను ఉచితముగా వేయదు. వేసిన పిదప ఖర్చును ఇంటివారినుండియే రాబట్టును. గుత్తేదారుల లాభముతో, కార్యాలయపు ఖర్చులతో కూడిన ఆ మొత్తము కూలివారు భరించలేనిది. ప్రభుత్వము విదేశీ అప్పు తెచ్చి వేసినచో ఆ అప్పు మరల ఎవరో ఒకరు తీర్చవలసినదే. ఈ విధముగా ఓరంగీ ప్రజలు రాని కాలువకై ఎదురుచూచుచు సంవత్సరములు గడుపుచుండిరి.

ఖాన్ ఈ సమస్యను నాలుగు అడ్డుగోడలుగా విడదీసెను. మొదటిది మనస్సులోని గోడ: ఇది ప్రభుత్వము ఉచితముగా చేయవలసిన పని అను నమ్మకము. రెండవది డబ్బు గోడ: ఖర్చు పేదవాని చేతికి అందనిది. మూడవది విద్య గోడ: వాలు కొలిచి తూములు వేయు నేర్పు సందులో ఎవరికిని లేదు. నాలుగవది పొత్తు గోడ: భూగర్భ కాలువను ఒక ఇంటివాడు ఒంటరిగా వేసికొనలేడు, సందు అంతయు కూడవలెను. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి నిలిచియున్నను పని సాగదు. డబ్బు ఇచ్చినంత మాత్రమున నేర్పు రాదు. నేర్పు ఇచ్చినంత మాత్రమున పొత్తు కుదరదు.

పిదప ఆయన పనిని కూడ నాలుగు భాగములు చేసెను. ఇంటిలోని మరుగుదొడ్డి ఒకటి. సందులోని భూగర్భ తూము రెండవది. పలు సందుల నీటిని కలుపుకొనిపోవు నడిమి కాలువ మూడవది. ఊరి పెద్ద కాలువయు, మురుగును శుద్ధిచేయు కర్మాగారమును నాలుగవది. మొదటి మూడును ఇంటివారు తమ డబ్బుతో కట్టి తామే నడుపుకొనదగినవి. నాలుగవది ప్రభుత్వపు వంతు. ఎవరి వంతు ఎక్కడ ముగిసి ఎవరి వంతు ఎక్కడ ఆరంభమగునో స్పష్టముగా గీత గీయుటయే ఈ ప్రయత్నమునకు ప్రాణము. గీత లేనిచోట ఇంటివాడు పురపాలక సంఘము వంక, పురపాలక సంఘము ఇంటివాని వంక చూచుచుండగా మురుగు వీధిలో నిలిచిపోవును.

పని జరిగిన తీరు ఇది. సంస్థ కార్యకర్తలు ఒక సందునకు పోయి సమావేశము జరుపుదురు. బొమ్మలు, నమూనాలు చూపి పద్ధతి వివరింతురు. ఒప్పుకొన్నచో సందువారే తమలో ఒక నమ్మకస్థుని పెద్దగా ఎన్నుకొందురు. అతడు సహాయము కోరుచు వ్రాతపూర్వకముగా అర్జీ ఇచ్చును. అప్పుడు సంస్థవారు కొలత పనిముట్లతో వచ్చి నేల వాలు కొలిచి, పటము గీచి, ఎన్ని తూములు, ఎంత సిమెంటు, ఎంత కూలి కావలెనో అంచనా వ్రాసి ఇత్తురు. ఆ మొత్తమును ఇండ్ల సంఖ్యచే భాగింపగా వచ్చినదే ఇంటి చందా. చందా వసూలు చేయువాడు సందు పెద్ద. సిమెంటు కొనువాడు, మేస్త్రీని కుదుర్చుకొనువాడు కూడ అతడే. త్రవ్వుటకు కొందరు కూలి ఇచ్చిరి, కొందరు తామే పలుగు పట్టిరి. సంస్థ పనిముట్లను అరువిచ్చి, మేస్త్రీలకు నేర్పి, పనిని కనిపెట్టి చూచును.

ఒక నియమమును సంస్థ గట్టిగా పాటించెను. సందువారి చందాలో ఒక్క పైసయైనను సంస్థ చేతికి రాకూడదు. సంస్థ ధనములో ఒక్క పైసయైనను సందు కాలువకు పోకూడదు. సంస్థ ఖర్చు పరిశోధనకు, శిక్షణకు మాత్రమే. ఈ నియమము మొదట కఠినముగా తోచవచ్చును. పేదలకు సగమైనను సహాయము చేయరాదా అని ఎవరైనను అడుగుదురు. కాని అందులో లోతైన ఆలోచన కలదు. బయటివాడు డబ్బు ఇచ్చినచో కాలువ బయటివానిది అగును. అది పూడిన దినమున బయటివాడే వచ్చి తీయవలెనని అందరును ఎదురుచూతురు. బయటివాడు చందా పుచ్చుకొన్నచో అనుమానము పుట్టును. సందు డబ్బు సందులోనే, సందువారి కన్నుల ఎదుటనే ఖర్చగునప్పుడు సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చినవో పిల్లవాడైనను లెక్కపెట్టగలడు. ఇరువది ముప్పది ఇండ్లనే ఒక సంఘముగా ఎంచుకొనుటకు కారణము కూడ ఇదియే. అంత చిన్న సందులో అందరికి అందరు తెలిసినవారు. చందా ఎగవేసినవాడు మరునాటి ఉదయము ఎవరి ముఖము చూచును?

ఖర్చు తగ్గించుట కూడ ఒక పరిశోధనయే అయ్యెను. వాస్తుశిల్పి ఆరిఫ్ హసన్ ఈ పనిలో ఖానునకు తోడు నిలిచెను. ఇటుకలతో కట్టి గార పూయు మ్యాన్‌హోలునకు బదులుగా, ఇనుప అచ్చులు నిలిపి అక్కడికక్కడే కాంక్రీటు పోయు పద్ధతిని తెచ్చిరి. మరుగుదొడ్డికిని సందు తూమునకును నడుమ ఒక చిన్న తొట్టి కట్టించిరి. దానిని వారు ‘హౌదీ’ అనిరి. మన తెలంగాణ ఇండ్లలో నీటి తొట్టిని హౌజు అనుట అందరికి తెలిసినదే. ఆ మాటయు, ఈ మాటయు చుట్టములే. మడ్డి ఈ హౌదీలో దిగిపోయి నీరు మాత్రమే తూములోనికి పోవును గనుక తూము త్వరగా పూడదు, సన్నని తూమైనను సరిపోవును. మొహెంజోదారోలో మడ్డి గుంటలు కట్టిన మేస్త్రీ ఈ తొట్టిని చూచినచో తన పనిని గుర్తుపట్టి యుండును. గుత్తేదారుని లాభము పోయెను, దళారీ పోయెను. చివరకు మరుగుదొడ్డి, సందు తూము, నడిమి కాలువలో వంతు, అన్నియు కలిసి ఇంటికి సుమారు 1,000 పాకిస్తానీ రూపాయలతో ముగిసెను. ప్రభుత్వపు అంచనాలకు అది ఎన్నో వంతులు తక్కువ.

అంతయు నున్నగా సాగెనని అనుకొనరాదు. మొదటి సందులలో పనితనము చెడెను. కాంక్రీటు పాళ్లు సరిగా కలియలేదు. పోసిన కాంక్రీటును దినముల తరబడి తడిపి ఉంచవలెనను సంగతి చాలమందికి తెలియదు. ఫలితముగా మూతలు పగిలెను. దూరమునుండి చూచుచున్నవారు, చూచితిరా, ప్రజలు చేసికొన్న పని ఇట్లే ఉండునని తలలూపిరి. సంస్థ దోషమును దాచలేదు. తప్పులు ఎక్కడ జరిగినవో పరిశీలించి, సిమెంటు కలుపుట, తడుపుట, వాలు చూచుట మేస్త్రీలకును ఇంటివారికిని మరల నేర్పిరి. 1986 డిసెంబరులో ఆ ప్రాంతమున జాతివైరములవలన ఘోరమైన మారణకాండ జరిగెను. అయినను కాలువల పని నిలిచిపోలేదు. మురుగునకు భాషాభేదము లేదు. ఎగువ సందు నీరు దిగువ సందునకు రాక తప్పదు.

కాలక్రమమున సుమారు 6,000 సందులు, 90,000 ఇండ్లు ఈ విధముగా భూగర్భ కాలువలు వేసికొనినవి. ప్రజలు తమ చేతి డబ్బు సుమారు 8 కోట్ల రూపాయలు పెట్టిరి. ఇరువది ముప్పది రూపాయలు కూడ పోగుచేయలేరని లోకము అనుకొనిన బస్తీ అది. ఈ పనిలో గృహిణుల పాత్ర గొప్పది. దినమంతయు ఆ మురుగు నడుమ ఉండువారు వారే గనుక, భర్తలను సమావేశములకు పంపినవారును, చందాకై డబ్బు దాచినవారును పెక్కుచోట్ల వారే.

ఇక నడుపుట మాట. సందు తూము అడ్డుపడినప్పుడు సందువారే కూడి, ఆనాటి ఖర్చునకు సరిపడ చందా వేసికొని, పని చేయించుకొనిరి. ప్రతినెలయు నిధి కూడబెట్టు అలవాటు అంతటను కుదురలేదు. తమ చేతితో వేసికొనిన తూము ఎక్కడ వంగినదో, ఏ మూత క్రింద ఏమున్నదో వారికి తెలియును గనుక చిన్న మరమ్మతులు త్వరగానే జరిగినవి. నడిమి కాలువ విషయమున మాత్రము చిక్కు ఎక్కువ. పది సందులవారు కూడినప్పుడు, నాది కాదు నీదనుట మొదలగును. మనుష్యుల పరిచయము ఎంతదూరము సాగునో చందా అంతదూరమే సాగును. ఈ సత్యమును ఓరంగీ లెక్కలు స్పష్టముగా చూపుచున్నవి.

నాలుగవ భాగము కథ వేరు. ఓరంగీ నేల వాలు గలది. సందుల నీరంతయు సహజమైన వాగులలోనికి సులభముగా దిగెను. కాని ఆ వాగులు శుద్ధి లేని మురుగును నదికి, నది సముద్రమునకు మోసికొనిపోయెను. ఇంటిముందు బురద పోయి ఊరి చివర పేరుకొనెను. ఇది ఓరంగీకే కలిగిన అనుభవము కాదు. 19వ శతాబ్దపు లండనులో పేటపేటకును వేర్వేరు మురుగు సంఘములు ఉండెడివి. 1848లో వానిలో పెక్కింటిని ఒకటిగా కలిపి, ఇంటి గుంటలను పూడ్పించి కాలువలకు కలిపించిరి. ఇండ్లు శుభ్రమయ్యెను గాని ఆ మురుగంతయు థేమ్స్ నదిలో పడెను. 1858 వేసవిలో నది ఒడ్డుననున్న పార్లమెంటు సభ్యులే దుర్గంధమునకు తాళలేక తెరలను సున్నపు మందుతో తడిపించుకొనిరి. అటుపిమ్మటనే జోసెఫ్ బాజల్‌జెట్ నగరమంతటికిని పెద్ద కాలువలు నిర్మించుటకు కావలసిన డబ్బు మంజూరయ్యెను. సందు ఎంత చక్కగా తన వంతు చేసినను, పెద్దకాలువ వంతు నెరవేరనిచో మురుగు స్థలము మారునే గాని నశించదు.

ఓరంగీలో ఈ రెండవ పోరాటమును ముందుకు నడిపినది పర్వీన్ రెహమాన్ అను వాస్తుశిల్పి. ఆమె 1980లలో యువతిగా సంస్థలో చేరి, తరువాత దాని పరిశోధన శిక్షణ విభాగమునకు అధిపతి అయ్యెను. బస్తీ యువకులకు కొలత పని నేర్పి, కరాచీలోని వాగులను, కాలువలను, బస్తీలను పటములమీద గీయించెను. ప్రజలు వేసికొనిన వేలకొలది తూములు అధికారుల పటములలో ఎక్కడను లేవు. లేని కాలువకు పెద్దకాలువ ఎందుకని అధికారి అనగలడు. పటము గీచి చూపిన తరువాత ఆ మాట అనలేడు. వాగులనే పెద్దకాలువలుగా తీర్చి కట్టుట చవుకయని ఆ పటములు చూపినవి. కొన్ని వాగులను ప్రభుత్వము ఆ విధముగా కట్టించెను. ఆమె పటములు నగరపు నీటి దొంగతనములను, భూముల ఆక్రమణలను కూడ బయటపెట్టినవి. 2013 మార్చి 13న, కార్యాలయమునుండి ఇంటికి పోవుచుండగా, దుండగులు ఆమెను తుపాకితో కాల్చి చంపిరి. అఖ్తర్ హమీద్ ఖాన్ 1999లోనే కన్నుమూసెను. ఒక మురుగు కాలువ పటము ఒక మనిషి ప్రాణమునంత వెల చేయునని ఎవరు తలంతురు?

ఓరంగీ పని సాగుచున్న కాలముననే బ్రెజిల్ దేశమున నతాల్ నగరమున కూడ ఇట్టి యత్నము జరిగెను. జోస్ కార్లోస్ మెలో అను ఇంజనీరు అచటి పేదపేటలలో ఇండ్ల సముదాయమును ఒక ఉమ్మడి కుటుంబము వలె భావించి, సన్నని తూములను వీధి నడుమ గాక ఇండ్ల పెరళ్ల గుండ, నడవల గుండ వేయించెను. లోతు తగ్గెను, ఖర్చు తగ్గెను. తమ పెరటి తూమును తామే చూచుకొను ఇంటివారికి రుసుము తగ్గించు పద్ధతియు తరువాత కొన్ని నగరములలో వచ్చెను. కాని కొన్నిచోట్ల ఇంటివారు తూముమీదనే గదులు కట్టుకొనిరి. పూడినప్పుడు త్రవ్వి తీయుటకు చోటు లేదు. ఎవరు చూడవలెనో ఎవరికిని గుర్తులేదు. కట్టిననాటి ఉత్సాహము కాలువకు సరిపోదని అచటను తేలెను.

ఈ కథలలో చందా, సిమెంటు, కూలి అన్నియు లెక్కకు వచ్చినవి. లెక్కకు రాని ఖర్చు ఒకటి కలదు. అది కాలువలోనికి దిగు మనిషి. ఓరంగీలో భూగర్భ తూము వచ్చిన తరువాత బకెట్టు మోయు పని పోయెను. మన దేశమున ఆ పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో దానికంటె గట్టి చట్టము వచ్చినవి. కోలారు బంగారు గనుల ప్రాంతమున, తరతరములుగా ఆ పనికి కట్టుబడిన తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సన్ దాని నిర్మూలనకై దేశమంతట తిరిగి, 2016లో మెగసెసే బహుమానము పొందెను. 1963లో అఖ్తర్ హమీద్ ఖాన్ పొందినదియు ఆ బహుమానమే. 1993 తరువాత మురుగు గుంటలలో మరణించిన ప్రతివాని కుటుంబమునకును 10 లక్షల రూపాయలు చెల్లించవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2023లో ఆ మొత్తమును 30 లక్షలకు పెంచెను. మొత్తము పెంచవలసి వచ్చినదనగా మరణములు ఆగలేదనియే అర్థము.

ఈ మరణములలో కొన్ని ఊరి పెద్ద కాలువలలో జరిగినవి. కొన్ని ఇండ్ల సముదాయముల సెప్టిక్ ట్యాంకులలో, చిన్న చిన్న శుద్ధి కేంద్రములలో జరిగినవి. ఇది మనలను నేరుగా తాకు సంగతి. నేడు మన నగరములలోని పెద్ద గృహసముదాయములకు సొంత మురుగు శుద్ధి కేంద్రములు కలవు. ఇంటివారి సంఘమే వానిని నడుపవలెను. ఆ కేంద్రమున మురుగును శుద్ధిచేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వానికి రేయింబవళ్లు గాలి కావలెను. గాలి పంపుటకు విద్యుత్తు కావలెను. చందా చాలదని రాత్రివేళ యంత్రమును ఆపినచో సూక్ష్మజీవులు చచ్చి, నీరు కుళ్లును. మడ్డిని కాలానుగుణముగా తీయించవలెను. పంపు అరిగిపోవును గనుక దానికి బదులు కొనుటకు ముందుగానే కొంత దాచవలెను.

కావున సంఘము పద్దులో నాలుగు గడులు ఉండవలెను. విద్యుత్తు, పనివాని జీతము ఒకటి. మడ్డి తీయు యంత్రపు బాడుగ రెండవది. మరమ్మతు నిధి మూడవది. నాలుగవది పెద్దకాలువకు మనము ప్రభుత్వమునకు చెల్లించు రుసుము. నెలసరి ఖర్చు మాత్రమే వసూలు చేసి మరమ్మతు నిధిని మరచుట అన్ని సంఘములకును కలుగు పొరపాటు. ముప్పది ఇండ్ల సందులో ఇంటికి నెలకు 20 రూపాయలు వేరుగా తీసినను సంవత్సరమునకు 7,200 రూపాయలు నిలువయగును. తూము పగిలిన దినమున ఆ సొమ్ము చేతిలో ఉండును. లేనిచో ఆ దినమున ఏమి జరుగును? యంత్రమునకు డబ్బు చాలదని, తక్కువ కూలికి ఒప్పుకొను ఒక పేదవానిని పిలిచి, నడుమునకు త్రాడు కట్టి గుంటలోనికి దింపుదురు. చందాలో మనము మిగిల్చిన డబ్బును అతడు ఊపిరితో చెల్లించును.

ఈ ప్రసంగమునకు ముందు మా వీధి సంఘము పద్దును ఒకసారి తిరగవేసి చూచితిని. దీపములకు పద్దు కలదు, కాపలావానికి కలదు, పండుగ పందిరికి కలదు. మురుగు పేర ఒక్క గడి లేదు. పూడినప్పుడు పోగుచేసికొందుమను ధైర్యము కాబోలు. అన్ని సంవత్సరములుగా నేనును ఆ పద్దుమీద సంతకము చేసినవాడనే. వచ్చిన ఆదివారము సమావేశమున ఆ గడిని గీయించవలెనని నిశ్చయించుకొంటిని.

మొహెంజోదారోలో ఒక మేస్త్రీ కాలువమీద కప్పుటాకును తొలగించి మడ్డి తీయుటకు వీలుగా ఇటుకను అమర్చినాడు. అది మరుసటి తరమువాని శ్రమను తలచుకొని చేసిన పని. ఓరంగీ సందు పెద్ద, వచ్చిన చందాను, పోయిన సిమెంటును అందరి ఎదుట లెక్క చెప్పినాడు. అది పొరుగువాని నమ్మకమును తలచుకొని చేసిన పని. మన పద్దులో ఆ నాలుగు గడులను గీచి నింపుట మన వంతు. పారుచున్నంతకాలము మురుగు కాలువ ఎవరి కంటికిని కనబడదు. కనబడకుండ దానిని పారించువాడు సురక్షితముగా ఇంటికి చేరుటకు మనము నెలనెలా చెల్లించు చందాయే మొదటి ఆధారము.